గోల్డ్‌స్మిత్ నాటకమున హాస్యమునకు మూలమేది?

1773 మార్చి 15న లండనులోని కోవెంట్ గార్డెన్ రంగశాలలో తొలిసారి ప్రదర్శింపబడిన ఆలివర్ గోల్డ్‌స్మిత్ నాటకము ‘షీ స్టూప్స్ టు కాంకర్’. దీనిని అలంకారశాస్త్రదృష్టితో చదువువారు అంగి హాస్యమనియు, దానికి విభావము భ్రాంతియనియు తేల్చి ఊరకుండుట చాలదు.

టోనీ లంప్‌కిన్ మాట నమ్మి మార్లో హార్డ్‌కాసిల్ గృహమును పూటకూళ్ల యిల్లనుకొనుట కథకు త్రోవ మాత్రమే. వికృతి అతని శీలమందే యున్నది. కులీనస్త్రీల యెదుట తలయెత్తలేడు. పనికత్తె కనబడినచో చనువునకు వెనుదీయడు. తొలి సమావేశమున సిగ్గుచే కేట్ ముఖమైనను సరిగా చూడలేదు గనుకనే, సాదా దుస్తులలో ఆమెను పరిచారికయని భ్రమించెను. శీలదోషమే భ్రాంతికి బీజమైనది! భరతుడు హాస్యవిభావములలో వికృతవేషముతోబాటు ధార్ష్ట్యమును గూడ చెప్పియుండుట ఇచట స్మరణీయము.

‘మాళవికాగ్నిమిత్రము’ ఇందుకు పోల్పదగినది. అచట రాజపుత్రిక పరిచారికయై యుండుట విధివశము. ఇచట కేట్ తెలిసియే ఆ భ్రాంతిని నిలిపి, తక్కువదియని తలచిన స్త్రీయెడ వరుని నడవడి యెట్టిదో పరీక్షించినది. ఈ స్వాతంత్ర్యము మాళవికకు లేదు. బోధనలో దీనిని విడిచి భ్రాంతుల పట్టిక వ్రాయించుట వ్యర్థప్రయాస.

పంచమాంకమున ఆమెను పేదబంధువని నమ్మియే మార్లో విడిచిపోలేక నిలుచును. అంతలో ఆమె గృహస్వామి పుత్రికయని బయటపడును. నిజముగా పేదరాలే యైనచో వివాహము జరిగెడిదా యన్న ప్రశ్నను గోల్డ్‌స్మిత్ తప్పించుకొనెను, కాళిదాసును అంతే.