దుప్పుల కడుపులో పాలిథిన్

శ్రీలంక తూర్పు తీరాన ఉన్న ట్రింకోమలీకి వెళ్లే యాత్రికులకు ఫ్రెడరిక్ కోటలో మొదట ఎదురయ్యేవి చుక్కల దుప్పులు. సైన్యం అధీనంలోని ఆ కోట గుండానే కోణేశ్వరాలయానికి దారి. దుప్పులు మనిషిని చూసి బెదరవు. చేయి చాచితే దగ్గరకు వచ్చి వాసన చూస్తాయి. యాత్రికులు బిస్కెట్లు తినిపించి ఫొటోలు దిగి సంతోషంగా వెళ్లిపోతారు.

వారు పారవేసిన పాలిథిన్ సంచీ అక్కడే ఉండిపోతుంది. తిండి వాసన అంటిన సంచీని దుప్పి మేతగానే భావిస్తుంది. నెమరువేసే జంతువు కడుపులో అది జీర్ణం కాదు, బయటకూ పోదు. ఉండలు కట్టి పేరుకుంటుంది. కడుపు నిండినట్లే ఉండి దుప్పి ఆకలితో చస్తుంది. ట్రింకోమలీలో ఇలాంటి మరణాలు కొత్త కాదు.

జపాన్‌లోని నారా నగరం ఈ విషయంలో ఒక గుణపాఠం నేర్చుకున్నది. అక్కడి ఉద్యానంలో వెయ్యికి పైగా జింకలు స్వేచ్ఛగా తిరుగుతాయి. 1957లోనే వాటిని జాతీయ సహజ సంపదగా ప్రకటించారు. చక్కెర కలపని తవుడు బిళ్లలు తప్ప మరేమీ పెట్టవద్దన్న నియమమూ ఉన్నది. అయినా 2019లో కొద్ది నెలల్లో చనిపోయిన 14 జింకలలో తొమ్మిదింటి కడుపులో ప్లాస్టిక్ దొరికింది. ఒకదాని కడుపులోనైతే 4.3 కిలోలు! ఆ తరువాత స్థానిక వ్యాపారులు తవుడు కలిపిన కాగితంతో, జింక తిన్నా అరిగిపోయే సంచీలు తయారు చేయించారు.

దుప్పులను అడవికి తరలిస్తే సరిపోతుందనే వారున్నారు. చెప్పినంత తేలిక కాదది. పట్టుకునేటప్పటి బెదురుకే దుప్పులు ప్రాణాలు విడుస్తాయి. బతికి అడవి చేరినా, బిస్కెట్లకు మరిగి చిరుతను ఎరుగని మందకు అక్కడ రక్షణ ఏది?

శ్రీలంక ప్రభుత్వం 2017లోనూ, 2021లోనూ పాలిథిన్‌పై నిషేధాలు విధించింది. అవి ప్రధానంగా తయారీదారులను, వర్తకులను ఉద్దేశించినవి. యాత్రికుని చేతి సంచీని చూసే నాథుడు లేకపోతే వాటి వల్ల దుప్పులకు ఒరిగేది స్వల్పమే. తిరుమలలో 2022 నుంచి ప్లాస్టిక్‌ను నిషేధించి, కొండ ఎక్కక ముందే అలిపిరి వద్ద తనిఖీలు చేస్తున్నారు. రోజుకు వేలాది వాహనాలు వచ్చే చోట సాధ్యమైనది, సైనికుల కాపలా ఉన్న కోట ద్వారం వద్ద అసాధ్యమని ఎవరూ అనజాలరు. సైన్యం, ఆలయం, పురపాలక సంఘం బాధ్యతను ఒకరిపై ఒకరు నెట్టుకోకుండా ముందుగా ద్వారం లోపలి దుకాణాలలో పాలిథిన్ పొట్లాల అమ్మకం ఆపించాలి. దీనికి కొత్త చట్టమేదీ అక్కరలేదు.