తప్పు పక్కన తెలుగు వాక్యం కూడా వేయండి

సంపాదకులు గారికి,

మీ పత్రిక పోటీ పరీక్షల పేజీలో వారం వారం వచ్చే 'స్పాటింగ్ ఎర్రర్స్' శీర్షికకు మా భైంసాలో గిరాకీ ఎక్కువ. గ్రంథాలయంలో పేపరు తెరిస్తే చాలాసార్లు ఆ మూల ఒక్కటే చిరిగి ఉంటుంది. (చింపేది నేను కాదు. నేను ఇంటికి తెప్పించుకుంటాను.) ఆ శీర్షిక ఆపమని అనడం లేదు. దాన్ని నడిపే పద్ధతి కొంచెం మార్చమని అడుగుతున్నాను.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? నాలుగు ముక్కలుగా విరిచిన ఒక ఇంగ్లీషు వాక్యం ఇస్తారు. జవాబు 'బి' అంటారు. వివరణ ఒక్క ముక్క: డిస్కస్ తర్వాత అబౌట్ రాదు. చదివినవాడు దాన్ని ఫలానా నంబరు రూల్ అని నోటుబుక్కులోకి ఎక్కించుకుంటాడు. కోచింగ్ సెంటర్ల మెటీరియలూ ఇదే వరస. ప్రభుత్వ బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ని కనుక ఆ నోటుబుక్కులు చాలా చూశాను. రూల్సన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంటాయి. ఆ పిల్లవాడినే సొంతంగా ఒక పేరా రాయమంటే డిస్కస్ పక్కన అబౌట్ మళ్లీ వచ్చేస్తుంది.

సెలవు చీటీ సంగతే తీసుకోండి. 'ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అన్న వాక్యాన్ని మన దగ్గర బడికెళ్లిన ప్రతివాడూ తప్పు లేకుండా రాస్తాడు. మేనమామ పెళ్లికి పోవాలన్నా జ్వరమే తెచ్చుకుంటాడు, పెళ్లి వాక్యం రాదు కనుక.

నా మనవి ఒక్కటే. తప్పు చూపించిన ప్రతిచోటా, ఆ మాటనే మనం తెలుగులో ఎలా అంటామో ఆ వాక్యాన్ని కూడా పక్కన అచ్చువేయండి. తప్పు ఎందుకు పుట్టిందో చాలా మట్టుకు అక్కడే కనబడుతుంది.

మాది పత్తి ఊరు, పత్తితోనే మొదలుపెడతాను. 'ది క్వాలిటీ ఆఫ్ ది కాటన్ బేల్స్ ఆర్ గుడ్.' జిన్నింగు మిల్లు గుమస్తా నుంచి డిగ్రీ పిల్లల దాకా ఇందులో తప్పు చాలామంది కంటికి ఆనదు. 'ఆర్' ఉన్నచోట 'ఈజ్' ఉండాలి. సబ్జెక్టు ఏకవచనమైతే వర్బూ ఏకవచనమే అని రూల్ చెప్పి మీ శీర్షిక ముందుకు పోతుంది. ఆ రూల్ వాడికి ఎప్పుడో తెలుసు. తెలిసీ ఎందుకు పట్టుకోలేకపోయాడు? తెలుగులో అనుకుని చూడండి: 'పత్తి బేళ్ల నాణ్యత బాగుంది.' బేళ్లు ముందు వచ్చాయి, నాణ్యత క్రియకు ఆనుకుని ఉంది. మన భాషలో 'దాని యొక్క' అనే భాగం ఎప్పుడూ ముందుంటుంది, అసలు మాట క్రియ దగ్గరికొస్తుంది. కాబట్టి దగ్గరున్న మాటను బట్టి క్రియ వేసుకుంటూ పోతే తెలుగులో ఇలాంటి చోట బోల్తా పడం. ఇంగ్లీషులో వరస తిరగబడింది. నాణ్యత ముందుకు పోయింది, బేళ్లు వచ్చి క్రియ పక్కన చేరాయి. పిల్లవాడు చిన్ననాటి అలవాటు కొద్దీ పక్కనున్న బేళ్లను చూసి 'ఆర్' సరే అనుకున్నాడు. తొందరలో ఇంగ్లీషు దొరలూ ఇక్కడ జారుతారు, అది వేరే ముచ్చట. ఈ రెండు వాక్యాలు ఒకదాని కింద ఒకటి వేసి, 'ఆఫ్ నుంచి బేల్స్ దాకా వేలు అడ్డం పెట్టి చదువు' అంటే సరిపోతుంది. మా అంగట్లో వినబడే మరాఠీలోనూ ఉర్దూలోనూ వరస మనదే కనుక, ఆ ఇళ్ల పిల్లలకూ ఇదే వివరణ పనికొస్తుంది.

ఇంకొకటి. 'ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ.' ఈ తప్పు పోటీ పరీక్షల్లో తరచూ వస్తుంది. దీనికి చెప్పే వివరణ 'ఇన్‌డైరెక్ట్ క్వశ్చన్‌లో సబ్జెక్టు ముందు, వర్బు తర్వాత.' వింటే నిద్రొస్తుంది. తెలుగులో మనం 'వాడు ఎక్కడున్నడు?' అని అడుగుతాం. అదే మాట ఇంకో వాక్యంలో ఇమిడితే 'వాడు ఎక్కడున్నడో తెల్వదు' అంటాం. చివర చేరిన ఆ 'ఓ' ఇక్కడ ఎవరినీ ఏమీ అడగడం లేదని చెబుతోంది. 'ఎక్కడున్నడు తెల్వదు' అని మన ఊళ్లో చిన్న పిల్ల కూడా అనదు. ఇంగ్లీషులో 'ఓ' లేదు, దాని పని మాటల వరస చేస్తుంది. అంటే ఈ తేడా పిల్లవాడికి కొత్తగా నేర్పాల్సింది కాదు. వాడి నోట్లో ఉన్నదాన్ని వాడికి చూపిస్తే చాలు.

'ఎ', 'ది'ల సంగతి మొండిది. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి మనవాళ్లకు రావు అని చేతులు దులుపుకోవడం అందరికీ అలవాటైంది. లేని మాట నిజమే. అయితే 'పుస్తకం కొన్న' అన్నప్పుడూ 'పుస్తకాన్ని కొన్న' అన్నప్పుడూ ఎదుటివాడికి ఒకటే అర్థమవుతుందా? రెండోది వింటే, ఏ పుస్తకమో ముందే అనుకున్నట్టు తోస్తుంది. 'ది' చేసే పనిలో కొంత ఆ 'ని' చేస్తోంది. అంతా అతకదని ఒప్పుకుంటాను. నదుల పేర్ల ముందు 'ది' ఎందుకో, 'గో టు స్కూల్'లో ఎందుకు లేదో దీంతో తేలదు. అవి చదవగా చదవగా చెవికి పట్టాల్సినవే.

అన్ని తప్పులూ తెలుగు మీదికి నెట్టడం కూడా అన్యాయమే. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్' అనాల్సిన చోట 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అని ఊరంతా అంటుంది. తెలుగులో 'నా దోస్తులల్ల ఒకడు' అంటామే కాని 'నా దోస్తులో ఒకడు' అనం. తెలుగును నమ్మి ఉంటే ఈ తప్పే వచ్చేది కాదు.

నా మనవికి ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది, ఇంకా తెలుగు పట్టుకుని వేలాడతారేమిటి, ఇంగ్లీషును ఇంగ్లీషులోనే నేర్పాలి కదా అంటారు. కానీ మనం పిలిచినా పిలవకపోయినా తెలుగు పిల్లవాడి ఇంగ్లీషు వాక్యంలో ఉండనే ఉంది. ఎడిన్‌బరోలో పాఠం చెప్పిన పిట్ కార్డర్ 1967లోనే ఒక వ్యాసంలో ఈ విషయం రాశాడు. నేర్చుకునేవాడి తప్పులు వాడు లోపల కట్టుకుంటున్న భాష ఎలా ఉందో చూపించే సాక్ష్యాలని ఆయన వాదన. డాక్టరు జ్వరం కొలిచి 'నూట రెండు' అని చెప్పి పంపేస్తే రోగికి ఏం లాభం? మీ శీర్షిక ప్రస్తుతం ఆ పనే చేస్తోంది.

రెండో అభ్యంతరం టైముది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ గ్రాడ్యుయేట్ పరీక్ష తొలి దశలో గంటలో వంద ప్రశ్నలు, అందులో ఇంగ్లీషువి 25. తప్పు జవాబుకు అర మార్కు పోతుంది. తెలుగు వాక్యాలు తలచుకునే తీరిక ఎక్కడిది, షార్ట్‌కట్ కావాలి అంటారు. నూట ఇరవై రూల్సు తలలో వెతుక్కోవడానికి మాత్రం తీరిక ఉందా? కారణం ఇంటి దగ్గర ఒకసారి అర్థమైతే హాల్లో కన్ను దానంతట అదే ఆ చోట ఆగుతుంది. పైగా అన్ని పరీక్షలూ బబ్లింగుతో అయిపోవు. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీషు 150 మార్కుల క్వాలిఫయింగ్ పేపరు. స్థాయి పదో తరగతిదే, మార్కులు ర్యాంకులో కలపరు. కానీ అది గట్టెక్కకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా దండగే. అందులో తప్పులు పట్టడంతో పాటు లేఖ కూడా రాయాలి. మాకు దగ్గర్లోని బాసర ట్రిపుల్ ఐటీకి పదో తరగతి కాగానే పల్లెల నుంచి వచ్చే పిల్లలకూ అంతే. అక్కడ ల్యాబు రికార్డు సొంత వాక్యాలతో నింపాలి.

నుడికారపు తప్పులను మాత్రం వేరే గాటన కట్టండి. వాటికి కారణం వెతకడం వృథా, అలవాటే కారణం. ఇండియన్ సివిల్ సర్వీసులో చేసిన విట్‌వర్త్ అనే దొర 1907లో భారతీయుల ఇంగ్లీషులోని నుడికారపు తప్పులన్నీ ఏరి ఏకంగా ఒక పుస్తకం వేశాడు. ఏరే పని ఇంకా నడుస్తూనే ఉంది, తప్పు కానివీ అందులో చేరుతున్నాయి. 'ప్రీపోన్' తప్పంటారు, అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కి కూర్చుంది. వాక్యం చివర ప్రిపోజిషన్ ఉండరాదంటారు, అది ఉత్త మూఢనమ్మకమని ఇంగ్లీషు వాడుక మీద నిఘంటువు రాసిన ఫౌలర్ 1926లోనే తేల్చేశాడు. ఇలాంటివి ఇచ్చినప్పుడు 'తప్పు' అని ముద్ర కొట్టకుండా 'పరీక్షలో ఇలా రాయకండి' అని వేస్తే చదివేవాడికి న్యాయం చేసినట్టవుతుంది.

తప్పులు పట్టడంలో తెలుగువాళ్లూ తక్కువ తినలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు గ్రాంథికం రాయాలని పట్టుబట్టిన పండితుల రాతల్లోంచే గ్రాంథిక వ్యాకరణ దోషాలు కుప్పలుగా ఏరి వాళ్ల ముందు పోశారు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' అనే ఆయన పుస్తకం ఆ తగాదాలో పుట్టిందే. సూత్రాలు కంఠతా వచ్చిన మహామహులకే నోట ఆడని భాష రాతలో చిక్కకపోతే బడిపిల్లలకు ఎలా చిక్కుతుందని ఆయన అడిగారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకు దండ వేస్తున్నాం. మన ఇంగ్లీషు పాఠం మాత్రం ఆ పండితుల పద్ధతిలోనే నడుస్తోంది.

ఇక పని మాట. వారానికి పది వాక్యాలు వేస్తున్నారు, నాలుగు చాలు. మిగిలిన చోటు తెలుగు వాక్యాలకు ఇవ్వండి. వాక్యాలు పాత ప్రశ్నపత్రాల్లోంచి కాక చదువరుల దగ్గరినుంచి తెప్పించుకోండి, పేర్లు వేయకుండా వాడండి. 'నో ఎర్రర్' జవాబయ్యే వాక్యాలు ఇప్పటికంటే ఎక్కువ ఇవ్వండి. తప్పు ఉండి తీరాలనే భ్రమలో పిల్లలు సరైన వాక్యాలను కూడా కెలుకుతున్నారు. మా దగ్గర ఉర్దూ, మరాఠీ మీడియం బడులున్నాయి. ఆ బడుల ఇంగ్లీషు టీచర్లను అడిగి నెలకోసారి ఆ భాషల పిల్లలు చేసే తప్పులకూ చోటిస్తే ఇంకా మంచిది. మీరు సరేనంటే మొదటి నెలకు కావలసిన పదహారు వాక్యాలు నేనే రాసి పంపగలను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు,
భైంసా, నిర్మల్ జిల్లా