ఖాతా మారిన సొమ్ము, చేతికి వచ్చిన సొమ్ము

గత మాసం కోవూరులో అస్ర్ నమాజు అనంతరం మా పూర్వ విద్యార్థులైన ఇద్దరు సోదరులు మా వద్దకు వచ్చారు. పెద్దవాడు బెంగళూరులో, చిన్నవాడు చెన్నైలో ఉద్యోగులు. సాఫ్ట్‌వేర్ సాయంతో ఆదాయపు పన్ను రిటర్ను తామే నింపుకుంటూ, ప్రావిడెంట్ ఫండ్ దగ్గర ఆగిపోయారు.

పెద్దవాడు మూడేళ్ల తరువాత ఉద్యోగం మారి, పాత పి.ఎఫ్. సొమ్మును కొత్త సంస్థ ఖాతాకు బదిలీ చేయించుకున్నాడు. ఆ మొత్తాన్ని ఆదాయంగా రాయగా పన్ను అమాంతం పెరిగింది. చిన్నవాడు రెండేళ్లకే ఉద్యోగం మాని, సొమ్మంతా తీసుకొని చెల్లెలి నికాహ్‌కు ఖర్చు చేశాడు. రిటర్నులో మాత్రం ఏమీ రాయలేదు. "నా జీతంలో కోసిన నా సొమ్మే కదా హజ్రత్!" అన్నాడు.

పన్నుల విద్య మాది కాదు. తెలిసిన ఆడిటరును సంప్రదించి, ఆయన వివరించినది పాఠకుల ముందుంచుతున్నాము.

ఒక పి.ఎఫ్. ఖాతా నుండి మరొక పి.ఎఫ్. ఖాతాకు మారిన సొమ్ము ఆదాయం కాదు. పైగా పాత సర్వీసు కొత్తదానితో కలుస్తుంది. అలా ఐదేళ్ల నిరంతర సర్వీసు పూర్తయ్యాక తీసుకుంటే సాధారణంగా పన్ను ఉండదు. అయితే యు.ఎ.ఎన్. సంఖ్య ఒకటే అయినంత మాత్రాన ఖాతాలు కలిసిపోయాయని భావించరాదు. బదిలీ పూర్తయినదీ లేనిదీ పాస్‌బుక్‌లో చూసుకోవాలి.

ఐదేళ్లకు ముందే తీసుకుంటే యజమాని వాటా, దానిపై వడ్డీ జీతం కింద, మన వాటాపై వడ్డీ ఇతర ఆదాయం కింద పన్నుకు లోబడతాయి. మన వాటాపై గతంలో పన్ను మినహాయింపు పొంది ఉంటే అదీ లెక్కకు వస్తుంది. అనారోగ్యం, సంస్థ మూతపడటం వంటి కారణాలతో ఉద్యోగం పోయినవారికి సడలింపు ఉన్నది. పన్నుకు లోబడే సొమ్ము 50,000 రూపాయలు, అంతకు మించి ఉంటే, పాన్ ఇచ్చినవారికి 10 శాతం ముందే కోస్తారు. ఆ కోత ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది. కోత పడింది కనుక బాధ్యత తీరిపోయినట్లు కాదు. రిటర్నులో ఆదాయాన్నీ, కోతనూ రెండింటినీ చూపాలి. ఎక్కువ కోసి ఉంటే వాపసు వస్తుంది, తక్కువైతే మిగతాది చెల్లించాలి.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే దీర్ఘమైన ఆయతు బఖరా సూరాలోని 282వది. అది అప్పును రాతలో పెట్టడం గురించినది. బాకీ ఉన్నవాడే చెప్పి రాయించాలనీ, అందులో ఏమీ తగ్గించరాదనీ అల్లాహ్ అందులో ఆదేశించాడు. ఈనాటి సాఫ్ట్‌వేర్ లేఖకుడు మాత్రమే. మనం చెప్పినదే అది రాస్తుంది. పెద్దవాడు లేని బాకీని తనపై రాసుకొని తన కుటుంబం హక్కును పోగొట్టుకోబోయాడు. చిన్నవాడు ఉన్న బాకీని రాయక వదిలేశాడు. మొదటిది పొరపాటు. రెండవది, తెలిసిన తరువాత కూడా దిద్దుకోకపోతే, అమానతులో ఖియానతు.

పి.ఎఫ్. వడ్డీపై షరీఅత్ తీర్పు ఏమిటని కొందరు అడుగుతారు. అది ముఫ్తీల వద్ద తేల్చుకోవలసిన వేరే విషయం. ఆ తీర్పు ఏదైనప్పటికీ, లెక్కలో దాచడానికి అది సాకు కాజాలదు.

"ఖర్చయిపోయిన సొమ్ముకు ఇప్పుడు పన్ను ఎక్కడి నుండి తేను?" అని చిన్నవాడు అడిగాడు. మేము జవాబు చెప్పేలోపే పెద్దవాడు తమ్ముని భుజంపై చేయి వేసి, "నాకు తగ్గిన పన్ను ఉంది కదా, ఇద్దరం సర్దుకుందాం" అన్నాడు. ఇద్దరూ గడువులోగా సవరించిన రిటర్నులు దాఖలు చేశారు. నికాహ్ జరిపించిన సొమ్ముకు బాకీ మిగలకూడదన్న ఆ సోదరుల తపనను అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.