పట్టుకోకుండా లేవగలమా?

యోగా మొదలుపెట్టమని ఎవరికి చెప్పినా బీపీ తగ్గుతుందా, షుగర్ అదుపులోకి వస్తుందా, పొట్ట కరుగుతుందా అనే అడుగుతారు. అడగాల్సినవే. కానీ కొన్ని నెలలు క్రమం తప్పకుండా చేసినవారికి అందే మంచి లాభం ఒకటి ఏ ల్యాబ్ రిపోర్టులోనూ కనబడదు. కింద కూర్చున్న మనిషి దేన్నీ పట్టుకోకుండా లేవడం, నిలబడే ప్యాంటు తొడుక్కోవడం, మంచం కిందికి దొర్లిన మాత్ర కోసం వంగి నడుం పట్టేయకుండా పైకి రావడం. యోగా ఇచ్చేవాటిలో నేను అన్నిటికన్నా ఎక్కువగా విలువిచ్చేది వీటికే. డెబ్బై దాటాక ఒకరి సాయం లేకుండా రోజు గడవడమన్నది ఇలాంటి పనుల మీదే ఆధారపడి ఉంటుంది మరి.

ఈ పనుల కోసం మన పెద్దలు ప్రత్యేకంగా సాధన చేయలేదు. పీట మీద భోజనం, కత్తిపీట ముందు కూరగాయలు, గొంతుక్కూర్చుని అంట్లు తోమడం, నేల మీద పడక, ఇలా రోజుకు ఎన్నోసార్లు కిందికి దిగి పైకి లేచేవారు. డైనింగ్ టేబుల్, సోఫా, వెస్టర్న్ కమోడ్ వచ్చాక చాలా ఇళ్లలో నేలతో పని తుడవడం వరకే మిగిలింది, అదీ నిలబడి పట్టుకునే మాప్‌తో. ఫలితం చూడాలంటే సత్యనారాయణ వ్రతం పూర్తయ్యే సమయానికి పీటల వైపు చూడండి. యాభై దాటిన దంపతులు లేవాలి. ఒక చెయ్యి మోకాలి మీదికి వెళ్తుంది, రెండోది పక్కనున్న కుర్చీ కోసమో కొడుకు భుజం కోసమో తడుముతుంది. ముందు పక్కకు ఒరిగి, ఒక మోకాలి మీద ఆగి, ఊపిరి బిగబట్టి లేస్తారు. లేచాక కూడా రెండడుగులు వేస్తేగాని నడుం నిటారుగా రాదు. ఇది వయసు తెచ్చిన మార్పేనని అందరం సరిపెట్టుకుంటాం. వయసు పాత్ర ఉంది నిజమే, వాడకం మానేయడం పాత్ర అంతకన్నా తక్కువేం కాదు.

ఇలా లేవడాన్ని వైద్యులు కొలిచి చూశారు. బ్రెజిల్‌కు చెందిన డాక్టర్ క్లాడియో గిల్ అరౌజో బృందం 51 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న 2,002 మందికి ఒక సులువైన పరీక్ష పెట్టి, ఫలితాలను 2012లో ప్రచురించింది. కింద కూర్చోవడానికి 5 మార్కులు, లేవడానికి 5. చెయ్యి గానీ మోకాలు గానీ ఆనించిన ప్రతిసారీ ఒక మార్కు పోతుంది, తూలితే అర మార్కు. ఆ తర్వాత సుమారు ఆరేళ్లు గమనిస్తే, 8 నుంచి 10 మార్కులు వచ్చినవారితో పోలిస్తే 3, అంతకన్నా తక్కువ వచ్చినవారిలో మరణించే ముప్పు ఐదు రెట్లకు పైగా ఉంది. దీన్ని పట్టుకుని, యోగాతో లేవడం నేర్చుకుంటే ఆయుష్షు పెరుగుతుందనడం తప్పు. లోపల జబ్బు ఉన్నవారు లేవలేకపోయి ఉండవచ్చు. ఆ అధ్యయనం నుంచి నేను తీసుకునేది ఒక్కటే: కాళ్ల బలం, కీళ్ల వంపు, శరీరం నిలకడ, ఈ మూడూ ఎలా ఉన్నాయో ఈ ఒక్క పనిలో బయటపడుతుంది. లోపం తెలిశాక సరిచేసుకునే దారి వెతకడం మన చేతుల్లో ఉంది.

రోజూ వాకింగ్ చేస్తున్నాం, అది చాలదా అని చాలామంది అడుగుతారు. గుండెకు నడక మేలు చేస్తుంది, మానకూడదు కూడా. అయితే చదునైన దారిలో నడిచేటప్పుడు మోకాలు సుమారు 60 డిగ్రీలకు మించి వంగదు. గొంతుక్కూర్చోవాలంటే అంతకు రెట్టింపు వంగాలి, తుంటి కూడా బాగా మడవాలి. ఎన్ని కిలోమీటర్లు నడిచినా ఆ వంపు రాదు. వజ్రాసనం, మలాసనం, ఉత్కటాసనం పని చేసేది సరిగ్గా అక్కడే. వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడినప్పుడు చీలమండ చుట్టూ కండరాలు క్షణక్షణం సర్దుకుంటూ ఉంటాయి. కదిలే బస్సులో కమ్మీ అందేలోపు తూలకుండా కాపాడేవి అవే. వీటన్నిటి కన్నా ముఖ్యమైన సంగతి, ఏ ఆసనం పేరులోనూ లేనిది ఇంకొకటుంది. తరగతి మొత్తం చాప మీదే సాగుతుంది కనుక నిలబడి చేసేవి, కూర్చుని చేసేవి, పడుకుని చేసేవి మారినప్పుడల్లా దిగడం, లేవడం తప్పదు. ఆసనం కుదరనివారికి సైతం ఆ అభ్యాసం దక్కుతుంది.

మోకాళ్లు అరిగిపోతాయన్న భయం కొట్టిపారేయదగింది కాదు. యవ్వనంలో రోజూ గంటల తరబడి గొంతుక్కూర్చున్నవారిలో మోకీళ్ల అరుగుదల ఎక్కువగా ఉందని బీజింగ్‌లోని వృద్ధుల మీద జరిగిన అధ్యయనం తేల్చింది. గంటల తరబడి బరువు మోపడం వేరు, అలవాటు చేసుకుంటూ నిమిషం పాటు వంగడం వేరు. అయినా వాపు ఉన్నవారు, మోకాలి మార్పిడి చేయించుకున్నవారు డాక్టర్‌ని అడగకుండా వజ్రాసనం జోలికి వెళ్లకూడదు. వారు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడంతో మొదలుపెట్టవచ్చు.

వేరే వ్యాయామంతో ఇదే ఫలితం రాదా? వస్తుంది. 2017లో అమెరికాలో దీర్ఘకాలిక నడుంనొప్పి ఉన్న 320 మందిపై జరిగిన పరిశోధనలో యోగా ఫిజియోథెరపీకి తీసిపోలేదని తేలింది, మించిందని తేలలేదు. కాకపోతే ఫిజియోథెరపీకి ప్రతిసారీ ఫీజు కట్టాలి. యోగాను ఒకసారి సరిగ్గా నేర్చుకుంటే చాప, ఆరడుగుల జాగా ఉంటే చాలు.

అందుకే మన శిబిరాల తీరు మారాలని గట్టిగా కోరుతున్నాను. 2025 జూన్ 21న విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మంది ఒకేసారి ఆసనాలు వేశారు. అంత ఉత్సాహం ఉన్నచోట జూన్ 22 నుంచి ఏం నేర్పుతామన్నదే అసలు ప్రశ్న. శీర్షాసనం వేసేవారి ఫొటోలకిచ్చే చోటు, అరవై ఏళ్ల మనిషికి గోడ పట్టుకుని దిగి గోడ వదిలి లేవడం నేర్పే పనికి కూడా ఇవ్వాలి. వార్డుకొక హాలు, వారానికి మూడు పూటలు, నలభై దాటినవారికి విడిగా ఒక బ్యాచ్. చేరిన రోజున ఎన్ని చేతుల సాయంతో లేచారో, మూడు నెలల తర్వాత ఎన్నింటితో లేచారో శిక్షకులు రిజిస్టర్‌లో రాస్తే చాలు, శిబిరం పని చేసిందో లేదో తెలుసుకోవడానికి వేరే లెక్క అక్కర్లేదు.