తేలే తోట మంచిదే, మరి మురుగు సంగతేమిటి?

చెరువు మీద తోట వేయవచ్చునంటే మీరు నమ్ముతారా? దున్నకుండా, నీళ్ళు పోయకుండా, అసలు మట్టే లేకుండా పెరిగే తోట! పైగా తన అడుగున ఉన్న నీటిని అది శుభ్రం చేస్తుంది కూడా.

హైదరాబాదు శివార్లలోని నెక్నాంపూర్ చెరువులో 2018 ఫిబ్రవరి 2న, ప్రపంచ చిత్తడి నేలల దినం రోజున, ఇలాంటి తోటను ప్రారంభించారు. ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ పూనుకుని చేసిన పని ఇది. వైశాల్యం 3,000 చదరపు అడుగులు, మొక్కలు 3,500. అడుగున వెదురు, దానిమీద థర్మకోల్, ఆపైన గోనెసంచులు, అన్నిటికన్నా పైన కంకర. వట్టివేరు, మెట్టతామర, జమ్ము వంటి మొక్కలు నాటారు. వాటి వేళ్ళు కిందికి దిగి నీటిలో వేలాడుతుంటాయి. మణిపూర్‌లోని లోక్‌తక్ సరస్సులో ఇటువంటి తేలే గడ్డి తెప్పలు ప్రకృతిసిద్ధంగానే ఉన్నాయి.

ఇలాంటి తోటను చూసి సంతోషించవలసిందే. కాని దానితో చెరువు బాగుపడిపోయిందని మాత్రం అనుకోరాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పేముందు, అది ఎలా పనిచేస్తుందో తెలుసుకుందాం.

మన ఇళ్ళనుండి వచ్చే మురుగులో నత్రజని, భాస్వరం చాలా ఉంటాయి. పొలానికి వేసే ఎరువులో ఉండేవీ ఇవే. పొలంలో పడితే వరి పెరుగుతుంది, చెరువులో పడితే నాచు పెరుగుతుంది. పెరిగిన నాచు చచ్చి కుళ్ళుతుంది. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును వాడేస్తాయి. అప్పుడు చేపలు ఊపిరాడక చచ్చి తేలుతాయి. చెరువు కంపు కొడుతుంది.

తేలే తోటలోని వేళ్ళమీద జారుగా ఒక జిగట పొర ఏర్పడుతుంది. ఆ పొర నిండా బాక్టీరియాలే. అసలు పనివాళ్ళు వీళ్ళే! కొన్ని బాక్టీరియాలు ప్రాణవాయువు సాయంతో మురుగులోని అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి. ప్రాణవాయువు అందనిచోట బతికే మరికొన్ని ఆ నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపిస్తాయి. కొంత నైట్రేటును మొక్కలు పీల్చుకుంటాయి. నీటిలో తేలాడే మడ్డి వేళ్ళకు చిక్కి మెల్లగా అడుగుకు దిగుతుంది. తోట నీడ పడినంత మేర ఎండ తగలక నాచు తగ్గుతుంది.

భాస్వరం సంగతి వేరు. నత్రజనిలాగా అది గాలిలోకి పోదు. కొంత మొక్కలోకి చేరుతుంది, కొంత బురదలో దిగుతుంది. మొక్కలను కోసి గట్టుకు చేరిస్తేనే వాటిలోని భాస్వరం చెరువును విడిచినట్లు. కోయకపోతే ఆకులు పండి, రాలి, కుళ్ళి, తీసుకున్నదంతా తిరిగి నీటికే ఇచ్చేస్తాయి.

"గుర్రపుడెక్క కూడా నీటిమీద తేలేదే కదా సార్, మరి దాన్నెందుకు పీకేస్తారు?" అని తరగతిలో పిల్లలు అడుగుతుంటారు. మంచి ప్రశ్నే. గుర్రపుడెక్క కూడా ఆ పోషకాలనే పీల్చుకుంటుంది. ఐతే హద్దులేకుండా పెరిగి, చెరువంతా కప్పి, నీటికి గాలీ వెలుతురూ తగలనివ్వదు. ఎవరూ తీయకపోతే అక్కడే కుళ్ళుతుంది. తేలే తోటను కూడా వేసి మరచిపోతే దానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు. పైపెచ్చు థర్మకోల్ పొడిపొడిగా రాలి కొత్త చెత్త తయారవుతుంది.

ఇక లెక్క చూద్దాం. గుంట అంటే 121 చదరపు గజాలు, అనగా 1,089 చదరపు అడుగులు. 3,000 చదరపు అడుగులంటే నిండా మూడు గుంటలు కూడా కాదు. చెరువులను మనం ఎకరాలలో కొలుస్తాం. మురుగేమో రాత్రింబవళ్ళు వచ్చి పడుతూనే ఉంటుంది. ఏనుగు దాహానికి చూరునీళ్ళు చాలవంటారే, అలా ఉంటుంది. మురుగును ముందుగా శుద్ధి కేంద్రంలో బాగుచేసి వదిలితే, మిగిలిన కొద్దిపాటి మాలిన్యం తోటకు అప్పగించవచ్చు. శుద్ధి కేంద్రానికి బదులుగా తోట అంటే మాత్రం ఒప్పుకోకూడదు.

ఈ మాట గట్టిగా చెప్పడానికి నాకు మరొక కారణముంది. మాది వేములఘాట్. సిద్దిపేట జిల్లా తొగుట మండలంలోని ఆ ఊరు ఇప్పుడు మల్లన్నసాగర్ జలాశయంలో మునిగి ఉంది. పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్ కూడా అలాగే పోయాయి. 2021లో ఊరు విడిచి గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీకి వచ్చాం. 2022 ఫిబ్రవరిలో జలాశయాన్ని ప్రారంభించారు. అక్కడినుండి గోదావరి నీటిని హైదరాబాదుకు తీసుకుపోయే పథకానికి 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది.

దాహంతో ఉన్నవారికి నీళ్ళు పోవలసిందే, కాదనను. ఐతే ఆ నగరం నడుమనే ఉన్న హుస్సేన్‌సాగర్ ఒకప్పుడు తాగునీటి చెరువు! మురుగు చేరి పాడైంది. నగరం మంజీరాకు, కృష్ణకు, గోదావరికి చేయి చాచింది. జనాభా పెరగడం ఒక కారణమే. కాని దగ్గరి నీళ్ళను పాడుచేసుకున్న కొద్దీ దూరపు నీళ్ళు కావలసివస్తాయి. ఆ నీళ్ళను నిలవ చేయాలంటే ఎక్కడో ఎవరిదో ఊరు మునగాలి. ఒక చెరువును మురుగుకు వదిలేసినప్పుడు ఈ నష్టాన్ని కూడా లెక్కలో రాసుకోవాలి.

మరి మీరేం చేయగలరు? పెద్దవాళ్ళను తోడు తీసుకుని మీ ఊరి మురుగు కాలువ వెంట నడవండి. అది ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తోందో పటం గీసి బడిలో పెట్టండి. చెరువులో కలిసేముందు శుద్ధిచేసే ఏర్పాటు ఉందా అని పంచాయతీ వారిని అడగండి. ఎవరైనా తేలే తోట వేస్తామంటే మరో మూడు ప్రశ్నలు అడగండి: మొక్కలను కోసేదెవరు? ఎన్నాళ్ళకొకసారి కోస్తారు? కోసినదాన్ని ఎక్కడ వేస్తారు? మురుగులో పెరిగిన మొక్కలలో సీసం వంటి లోహాలు ఉండవచ్చు కనుక దాన్ని పశువులకు వేయకూడదు. నీరు తేటపడినంత మాత్రాన తాగడానికి పనికిరాదని కూడా గుర్తుంచుకోండి.

ఈ ప్రశ్నలకు జవాబులు ఉన్న ఊళ్ళో తేలే తోట తప్పకుండా వేయవచ్చు. జవాబులు లేకపోతే, ముందు ఆ మురుగు కాలువ పని చూడమనండి.