ఆటు లేని పోటు

డొంకరాయిలో సముద్రం లేదు. సీలేరు మీద ఆనకట్ట, దాని వెనుక జలాశయం, 25 మెగావాట్ల చిన్న విద్యుత్కేంద్రం, చుట్టూ తూర్పు కనుమల అడవి. అక్కడి ఒక పాఠశాలలో కొన్నేళ్లు తెలుగు పండితుడిగా పనిచేశాను. సముద్రాన్ని కంటితో చూసిన పిల్లలు తరగతికి ఇద్దరో ముగ్గురో ఉండేవారు. వారూ కొలువుల మీద కొండెక్కిన ఉద్యోగుల బిడ్డలే.

ఒక పరీక్షలో సొంతవాక్యానికి 'ఆటుపోట్లు' ఇచ్చాను. జీవితంలో ఆటుపోట్లు సహజమని, నేను వల్లె వేయించిన వాక్యాన్నే అందరూ నాకు అప్పగించారు. అది సొంతవాక్యమెలా అవుతుందన్న సందేహం అప్పట్లో నాకు కలగలేదు. కొండరెడ్ల పిల్లవాడొకడు మాత్రం, "మా డ్యాములో కరెంటు తీస్తే ఆటు, వాన కురిస్తే పోటు" అని రాశాడు. ఎర్రసిరాతో అడ్డంగా కొట్టి సున్న వేశాను. పైగా, ఆటుపోట్లు సముద్రానికే ఉంటాయిరా అని అందరి ముందూ చెప్పాను. వాడు తల దించుకున్నాడు. ఉద్యోగ విరమణ చేసినా ఆ సున్న నన్ను విడిచిపెట్టలేదు. ఈ టపాకు అదే కారణం.

వాచ్యార్థం అందరికీ తెలిసినదే. సముద్రపు నీరు ఒడ్డు మీదికి పెరిగితే పోటు, వెనుకకు తగ్గితే ఆటు. చంద్రుడి ఆకర్షణ ముఖ్యకారణం, సూర్యుడిది తోడు. మన తీరంలో రమారమి 24 గంటల 50 నిమిషాలలో రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. పున్నమికీ అమావాస్యకీ ఉధృతి ఎక్కువ. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులు ఈ రాకపోకల మీదనే బతుకుతున్నాయి. నన్నడిగితే ఈ మాటకు ప్రాణం హెచ్చుతగ్గులలో లేదు, తిరిగి రావడంలో ఉంది. పోయిన నీరు వస్తుంది, వచ్చిన నీరు పోతుంది.

జంటలోని రెండు మాటలకూ సమానమైన బతుకు దక్కలేదన్నది గమనించారా? 'పోటు' ఒంటరిగా హాయిగా తిరుగుతోంది. వరద పోటెత్తుతుంది, తిరుమలకు భక్తులు పోటెత్తుతారు. కత్తిపోటు, వెన్నుపోటు, తలపోటు సరేసరి. పొడుచుటలో గుచ్చడమూ ఉంది, పొద్దు పొడిచినట్లు పైకి లేవడమూ ఉంది. సముద్రపు పోటు ఈ రెండవ దాని చుట్టమేమోనని నా ఊహ, పట్టుబట్టను. 'ఆటు' మాత్రం జంట విడిచి గడప దాటదు. జనం ఆటెత్తారని ఏ పత్రికా రాయదు.

ఇక లక్ష్యార్థం. ముఖ్యార్థానికి బాధ కలగాలి, దానితో సంబంధం ఉండాలి, రూఢి గాని ప్రయోజనం గాని ఉండాలి. అప్పుడే లక్షణ అని మన ఆలంకారికులు గీత గీశారు. ఆ గీత మీద ఆ పిల్లవాడి వాక్యాన్ని నిలబెడితే నేనే ఓడిపోతాను. వర్షాకాలంలో జలాశయం నిండి, విద్యుత్తు కోసం నీరు వదిలితే తగ్గి, ఒడ్డున ఎర్రమట్టి పట్టీ బయటపడి, మళ్లీ వానలకు అది మునుగుతుంది. ఇక్కడ చంద్రుడి పని వానా మనుషులూ చేస్తున్నారు, నిజమే. కాని తిరిగి రావడమన్నది ఉంది. డొంకరాయి దాటిన నీరు మోతుగూడెం దగ్గర 460 మెగావాట్లతో కట్టిన దిగువ సీలేరు కేంద్రాన్ని నడిపి, శబరిలో పడి, గోదావరిలో కలిసి, డెల్టాలో దాళ్వా వరిని ఆదుకుంటుంది. వాడి ఆటు కోనసీమకు పోటన్నమాట! ఇంత ఉన్న వాక్యానికి సున్న.

సముద్రానికే ఉంటాయన్న నా మాటా నిలవలేదు. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. పెద్దనది నిండుగా ఉంటే శబరి నీరు ముందుకు పోలేక వెనుకకు ఎగదన్నుతుంది. దాన్ని ఆ ప్రాంతంలో 'ఎగపోటు' అంటారు. ఏ పండితుడూ నేర్పని మాట, ఎంత సూటిగా ఉందో చూడండి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం మండలాలలో ఎందరికో ఆ మాటకు అర్థం ఇళ్లలోనే తెలిసింది. అయితే వారాలు పట్టినా ఆ నీరు తీసింది. బురద కడుక్కుని మళ్లీ పొయ్యి వెలిగించుకున్నారు.

ఈ మండలాలే 2014లో పోలవరం కోసం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఆ జలాశయపు పూర్తి మట్టం 45.72 మీటర్లు. దాని కింద ఉండిపోయే ఊళ్లకు బురద కడుక్కునే రోజు ఉండదు. నిర్వాసితుల సభ ఒకదానికి వెళ్లాను. వేదిక మీది పెద్దమనిషి ఒకాయన, "జీవితమన్నాక ఆటుపోట్లు ఉంటాయి, తట్టుకోవాలి" అని ఓదార్చాడు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. నాకు తల కొట్టేసినట్లయింది, ఎందుకంటే అది నా వాక్యమే. నేను పిల్లలచేత వల్లె వేయించినదే.

మాటల అర్థాలు వ్యాపిస్తాయి, వాటికి కాపలా కాయడం పండితుల పని కాదని మీరనవచ్చు. ఒప్పుకుంటాను. షేర్ల ధరలకు ఆటుపోట్లంటే నాకేమీ బాధ లేదు, పడినవి లేస్తాయి, లేచినవి పడతాయి. తిరిగి రాని ఊరికి ఆ మాట వాడితేనే నా అభ్యంతరం. అక్కడ సంబంధం తెగిపోయింది. మిగిలిన ప్రయోజనం ఒక్కటే, పోగొట్టుకున్నవాడు ఇంకేమీ అడగకుండా చేయడం. దానికి మన భాషలో తిన్నని మాట ఉండనే ఉంది, ముంపు. ఆ మాట వాడితే ఎవరు ముంచారు, ఎంత ఇచ్చారు అన్న ప్రశ్నలు వెంట వస్తాయి.

ఒక సందేహంతో ముగిస్తాను. ఉప్పాడ, భీమిలి, అంతర్వేది వైపు మిత్రులెవరైనా ఉంటే చెప్పండి. మీ బెస్తవారి నోట 'ఆటు' ఒంటరిగా వినబడుతోందా, లేక నీరు తీయడానికి వారికి వేరే మాట ఉందా?