థర్మకోల్ నమూనాలకు రంగులు వేసే పిల్లల ఆరోగ్యం గురించి వినతిపత్రం

గౌరవనీయులైన కాకినాడ జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు,
యు.కొత్తపల్లి మండలం, ఉప్పాడ గ్రామానికి చెందిన విద్యార్థుల తల్లిదండ్రులు సమర్పించు విన్నపం.

ఆర్యా,

సైన్స్ ప్రదర్శనల రోజులు వచ్చాయంటే మా పిల్లలు మా తీరాన్నే నమూనాగా కడతారు. కోసుకుపోయిన ఒడ్డు, కోత ఆపడానికి వేసిన జియోట్యూబ్ గోడ, కాకినాడ బీచ్ రోడ్డు, హోప్ ఐలాండ్, కోరింగ మడ అడవి. రోజూ చూసేదీ అదే, తుఫాను వస్తే భయపడేదీ దాని గురించే. ఇవన్నీ థర్మకోల్ మీదే తయారవుతున్నాయి. చవక, తేలిక, చాకుతో ఎలా కోస్తే అలా తెగుతుంది. పిల్లలు ఇవి కట్టడం మాకు సంతోషమే. వాటికి రంగు వేయిస్తున్న తీరే మా బాధ.

థర్మకోల్ అంటే పాలిస్టైరిన్‌ను పొంగించి చేసిన పదార్థం. స్ప్రే డబ్బాల్లో, థిన్నర్‌లో ఉండే అసిటోన్, టోలుయిన్ వంటి ద్రావకాలు తగిలితే అది కరిగి గుంటలు పడుతుంది. రంగు సరిగా పట్టలేదనుకుని పిల్లలు పూత మీద పూత కొడతారు, ఆ ఆవిరంతా పీలుస్తారు. కిందటేడు ఒక పాఠశాలలో సముద్రపు గాలికి స్ప్రే చెదిరిపోతోందని తలుపులు, కిటికీలు మూసి మరీ రంగు కొట్టించారు. పిల్లలు తలనొప్పితో, వాంతులతో ఇళ్లకు వచ్చారు. అదే గదిలో కొవ్వొత్తి మీద కాల్చిన తీగతో థర్మకోల్ కోశారని తరవాత తెలిసి మా గుండెలు ఆగినంత పనైంది. స్ప్రే డబ్బాలోంచి రంగును బయటికి నెట్టేది చాలావరకు మండే వాయువే. కాలిన థర్మకోల్ నుంచి వెలువడే స్టైరిన్‌ను, క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్న పదార్థాల్లో ఒకటిగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2018లో వర్గీకరించింది.

ఉపాధ్యాయులను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఏ రంగు వాడాలో, ఎక్కడ వేయించాలో వారి చేతికి రాతపూర్వకంగా ఎవరూ ఇవ్వలేదు. డబ్బా మీది హెచ్చరిక చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది.

నిజానికి పెద్దగా ఖర్చు లేని దారి ఉంది. ఫెవికాల్‌ను నీళ్లలో కలిపి పాత పేపరు ముక్కలను నమూనా మీద అతికించి ఆరనివ్వాలి. పైన మరో పూత పూసి, తడిగా ఉండగానే రంపపు పొట్టు చల్లితే నేల గరుకు వస్తుంది. కొబ్బరి పీచుతో చెట్లు చేయవచ్చు. ఆరాక పోస్టర్ కలర్‌గానీ అక్రిలిక్‌గానీ కుంచెతో వేస్తే చాలు, నీటి రంగు థర్మకోల్‌ను తినదు. అయితే ఫెవికాల్ పూత ఉంది కదా అని పైన స్ప్రే కొట్టకూడదు. ఎక్కడ సందు దొరికినా ద్రావకం లోపలికి దిగుతుంది. గోడల రంగు వాడేటట్లయితే సీసం పది లక్షల భాగాల్లో 90 మించని డబ్బానే కొనాలి. ఆ నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. జామ్దానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊరు మాది. రంగు మీద శ్రద్ధ మా నేతగాళ్ల ఇళ్లలో పిల్లలకు చిన్నప్పుడే అబ్బుతుంది. వారికి మంచి పద్ధతి ఒక్కసారి చూపిస్తే చాలు.

ప్రదర్శన ముగిశాక ఈ నమూనాలు పెరట్లో పడి ముక్కలై పూసలుగా రాలతాయి. గాలికి ఆ పూసలు ఒడ్డుకు చేరితే ఏరడం ఎవరి తరమూ కాదు. అలంకరణకు థర్మకోల్ వాడకాన్ని 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. పాఠశాల నమూనాల సంగతి అందులో విడిగా లేదు. అట్ట, కాగితపు గుజ్జు, బంకమట్టితో కట్టిన నమూనాలకు ప్రోత్సాహం ఇప్పిస్తే ఈ సమస్య చాలావరకు మొదట్లోనే తగ్గుతుంది.

కావున తమరు దయచేసి, నమూనాలకు స్ప్రే, ఎనామిల్, థిన్నర్ వాడరాదనీ, రంగులు ఆరుబయటగానీ వరండాలోగానీ పెద్దల ఎదుటే వేయించాలనీ, పిల్లల చేత వేడి తీగ పట్టించరాదనీ జిల్లాలోని పాఠశాలలన్నింటికీ తెలుగులో ఒక పేజీ ఉత్తర్వు ఇప్పించవలసిందిగా కోరుతున్నాము. నీటి రంగులకు, కుంచెలకు ప్రదర్శన నిధుల నుంచే డబ్బు కేటాయించాలి. న్యాయనిర్ణేతలు పైమెరుపు చూసి మార్కులు వేస్తున్నంత కాలం పిల్లలు స్ప్రే డబ్బా వదలరు గనుక, వాడిన సామగ్రి సురక్షితమా కాదా అన్నదానికీ మార్కులు పెట్టించాలి. వచ్చే ప్రదర్శనకు పాఠశాలల్లో సామాను కొనకముందే ఈ ఉత్తర్వు అందేలా చూడవలసిందిగా మనవి.

ఇట్లు,
తమ విధేయులు,
ఉప్పాడ గ్రామ విద్యార్థుల తల్లిదండ్రులు

ప్రతి: జిల్లా విద్యాశాఖాధికారి గారికి, కాకినాడ